సెలవుల కోసం నలభై వాక్యాలు

ఫిబ్రవరి 4

పిచ్చుకా,

నేనూ తమ్ముడూ బాగున్నాం, నా ఎడమ మోకాలు తప్ప.

నీ ఉత్తరం అందింది. పదకొండు పేజీలు. మీ పడవ జట్టులో నీతో కలిపి ఎనిమిది మంది ఆడవాళ్ళనీ, ఆదివారాలు సరస్సులో తెడ్లు వేస్తారనీ, తర్వాత ఒడ్డున కూర్చుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకుంటారనీ రాశావు. దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

నువ్వు పనిచేసే హోటల్ వాళ్ళు సెప్టెంబరులో ఇంకో మూడేళ్ళ పనికి సంతకం పెట్టమంటున్నారని చివరి పేజీలో రాశావు. పెట్టమంటావా, వచ్చెయ్యమంటావా అని నన్నే అడిగావు. చూడకుండా చెప్పలేను. కాలేజీ లైబ్రరీలో బైండింగ్ పనికి చేరి ఇరవై ఎనిమిదేళ్ళయింది. వరసగా పది రోజులు సెలవు ఎన్నడూ పెట్టలేదు. జూన్‌లో పెడతాను, వస్తాను. నువ్వు అక్కడ సంతోషంగా ఉంటే సంతకం పెట్టు. లేకపోతే వచ్చెయ్యి.

ఒకటే ఇబ్బంది. ఆ భాష నాకు రాదు. నీ స్నేహితురాళ్ళ మధ్య మూగదానిలా కూర్చోవడం నాకిష్టం లేదు. సెలవులకు వచ్చినవాళ్ళు పడవల దగ్గర, ఆటల దగ్గర ఏమని అడగాలో ఆ మాటలు రాసి పంపు. పలికే తీరు మన అక్షరాల్లో రాసి, కింద అర్థం రాయి. నేర్చుకుంటాను.

ఫోను చెయ్యకు. ఫోనులో నువ్వు ఏడుస్తావు, నేను ఊరుకుంటాను. విషయం తేలదు.

అక్క


ఫిబ్రవరి 20

అక్కా, అక్కా, అక్కా!

నువ్వు వస్తావా! పక్క వీధికి వెళ్ళాలన్నా మూడు రోజులు ఆలోచించే మనిషివి, సముద్రం దాటి వస్తావా! నీ ఉత్తరం ఇస్త్రీ యంత్రం దగ్గర నిలబడి చదివాను. చదివి గెంతాను. గెంతేసరికి యంత్రంలో ఉన్న దుప్పటి అంచు మాడిపోయింది. నా పక్కన పనిచేసే పెద్దాయన యంత్రాల మోతకి చెవుల్లో దూది పెట్టుకుంటాడని రాశాను కదా, నా కేక ఆయనకి వినపడలేదు కానీ మాడు వాసన తగిలింది. తల తిప్పి ఒక్క చూపు చూశాడు. ఆ చూపు నువ్వు చూసి ఉండాలి. చిన్నప్పుడు నేను పాలు పొంగబెట్టినప్పుడు నువ్వు చూసిన చూపు అచ్చం అలాగే ఉండేది.

మాటలు రాసి పంపుతున్నాను. విడి కాగితాల మీద మొత్తం నలభై వాక్యాలు. పలికే తీరు నల్ల సిరాతో, అర్థం ఎర్ర సిరాతో. మచ్చుకి కొన్ని అర్థాలు ఇక్కడే చెప్తాను, నవ్వుకుంటావు:

పడవ అద్దెకు దొరుకుతుందా?

నాకు ఈత రాదు. లోతు తక్కువగా ఉన్న చోటు చూపించండి.

ఈ సైకిలు సీటు కాస్త కిందికి దించండి.

మీతో ఒక ఆట ఆడవచ్చా?

దయచేసి నా గుర్రాన్ని ఆపండి.

ఇవన్నీ మేము రోజూ వాడే మాటలే అక్కా. గుర్రం సంగతి ఎందుకంటావేమో, సరస్సు అవతల గుర్రాలు కూడా అద్దెకిస్తారు. నువ్వు ఎక్కక్కర్లేదు. ఉండనీ అని రాశాను.

నీకు గది చూపించాలి, కిటికీ చూపించాలి, తువ్వాళ్ళు ఆరేసే తీగ చూపించాలి. నూట ఇరవై తువ్వాళ్ళు గాలికి ఒక్కసారి లేస్తే ఎంత బాగుంటుందో! ఇంకా నాలుగు పేజీలు ఉన్నాయి, తిప్పు.

నీ పిచ్చుక


మార్చి 9

పిచ్చుకా,

కాగితాలు అందాయి. విడిగా ఉంటే పోతాయని మడిచి దారంతో కుట్టి, అట్ట వేసి, నీలం గుడ్డ అంటించి, ఒక రోజంతా బరువు కింద పెట్టాను. అరచేతిలో పట్టే పుస్తకం అయింది.

పొద్దున్న ప్రార్థన అయ్యాక రోజుకు నాలుగు వాక్యాలు చదువుతున్నాను. దేవుడు ముందు నా మాట వింటున్నాడు, తర్వాత ఆ పరాయి మాటలు వింటున్నాడు. ఏమనుకుంటున్నాడో తెలియదు.

తమ్ముడు బస్సు డ్యూటీ దిగి వచ్చి పడవలాయన వేషం కడుతున్నాడు. భోజనాల బల్ల వెనక నిలబడతాడు. నేను "పడవ అద్దెకు దొరుకుతుందా?" అని ఆ భాషలో అడుగుతాను. నిన్న వాడు మన భాషలో "లేదమ్మా, ఇందాకే మునిగింది" అన్నాడు. దానికి ఏమనాలో నాకు తెలియలేదు. "అక్కా, నీకు అడగడమే నేర్పింది పిచ్చుక. వాళ్ళు ఎదురు చెప్పేది ఎవరు నేర్పుతారు?" అన్నాడు.

వాడన్నది నిజం. నలభై వాక్యాలూ ప్రశ్నలే, లేకపోతే అభ్యర్థనలే. జవాబులు ఒక్కటీ లేవు. అవుననడానికి ఏమంటారు, కాదనడానికి ఏమంటారు, మళ్ళీ రమ్మనడానికి ఏమంటారు, అవి కూడా రాసి పంపు.

గుర్రం వాక్యం బాగా వచ్చింది. లైబ్రరీలో జిగురు కలుపుతూ పైకే అన్నాను. లైబ్రేరియన్ గారు కిటికీలోంచి తొంగి చూశారు.

అక్క


మార్చి 26

అక్కా,

ఆ పడవలాయన వేషం నేను చూడాలి! అన్నయ్య బల్ల వెనక బొజ్జ పెట్టుకుని నిలబడితే నవ్వాగుతుందా నీకు? నువ్వు నవ్వవులే. నవ్వకుండా నలభై వాక్యాలూ అప్పజెప్పి ఉంటావు.

జవాబులు అక్కర్లేదక్కా. ఇక్కడివాళ్ళు మంచివాళ్ళు, చేత్తో చూపిస్తారు. ఉంటే అటు అంటారు, లేకపోతే ఇలా చెయ్యి ఊపుతారు. అంతే. నువ్వు అడగడం నేర్చుకో చాలు.

ఇక్కడ మంచు కరిగింది. సరస్సు రంగు మారింది. కొత్త ఉతుకు యంత్రం వచ్చింది, గుండ్రటి తలుపు, లోపల తువ్వాళ్ళు తిరుగుతుంటే చూస్తూ ఉండిపోవచ్చు. నీలం తువ్వాళ్ళు ఈత కొలనువి, తెల్లవి గదులవి, పసుపు అంచువి పడవలవి. పడవల తువ్వాళ్ళకి ఎప్పుడూ ఒకటే వాసన, తడి చెక్క వాసన. మడత పెట్టేటప్పుడు మూడు మడతలు వెయ్యాలి, నాలుగు వేస్తే బీరువాలో పట్టవు. ఇస్త్రీ అయిన దుప్పటి చెంపకి ఆనించుకుంటే…

(ఇంకా ఏడు పేజీలు ఉన్నాయి, ఓపికగా చదువు. అన్నీ చెప్పాలనిపిస్తోంది.)

పిచ్చుక


ఏప్రిల్ 12

పిచ్చుకా,

నీ ఉత్తరం తొమ్మిది పేజీలు. మూడుసార్లు చదివాను. తువ్వాళ్ళు ఉన్నాయి, మంచు ఉంది, యంత్రం ఉంది. ఒక్క మనిషి కూడా మాట్లాడలేదు.

మీ జట్టులోవాళ్ళు నీతో ఏమంటారో రాయి. చిన్న మాటైనా చాలు. "ఆలస్యమైంది, త్వరగా రా" అంటారు కదా ఎవరైనా. అది ఆ భాషలో ఎలా అంటారు?

వాళ్ళకు ఉత్త చేతులతో ఎదురుపడలేను. మిగిలిన మంచి కాగితంతో ఎనిమిది చిన్న నోటుపుస్తకాలు కుట్టాను, నీకొకటి, వాళ్ళకు ఏడు. ఎనిమిదీ ఎనిమిది రంగుల గుడ్డ. ఎవరికి ఏ రంగు ఇష్టమో కనుక్కుని రాయి.

టికెట్టు జూన్ పద్దెనిమిదికి అడిగాను.

అక్క


ఏప్రిల్ 28

అక్కా,

జూన్‌లో రాకు. రేవు మరమ్మతు చేస్తారట. పడవలన్నీ ఒడ్డుకి లాగేస్తారు. చూడ్డానికి ఏమీ ఉండదు. జట్టువాళ్ళు కూడా ఊళ్ళకి వెళ్ళిపోతున్నారు. నీ మోకాలు కూడా బాగాలేదు కదా. వచ్చే ఏడు చూద్దాం.

నోటుపుస్తకాలు ఎవరికైనా ఇచ్చెయ్యి.

పిచ్చుక


మే 12

పిచ్చుకా,

నీ ఉత్తరం అరపేజీ. ఇన్నేళ్ళలో నువ్వు నాకు అరపేజీ రాయడం ఇదే మొదలు.

రెండు రోజులు ఆలోచించాను. నాకు తోచినదేమిటంటే, నీకు అక్కడ మంచి స్నేహాలు కుదిరాయి. నేను జిగురు అంటిన వేళ్ళతో, యాస పోని మాటలతో వాళ్ళ మధ్యకు వస్తే నీకు తలవంపులవుతుందేమో. అలాగైతే దాచుకోకు, చెప్పు. నేను నొచ్చుకోను. నీ గదిలోనే కూర్చుని కిటికీలోంచి చూసి వస్తాను. నువ్వు తెడ్డు వేస్తుంటే ఒకసారి దూరం నుంచి చూస్తే నాకు చాలు.

తమ్ముడికి ఈ సంగతి చెప్పలేదు. వాడు ఇంకా పడవలాయన వేషానికి టోపీ వెతుకుతున్నాడు.

అక్క


మే 24

అక్కా,

తలవంపులా? నీ వల్లా? ఆ మాట చదివి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. పెద్దాయన చెవుల్లోంచి దూది తీసి మరీ చూశాడు.

జట్టు నాది కాదక్కా.

రేవు మరమ్మతు కూడా లేదు. వాళ్ళు ఏడుగురే. పెద్ద పడవ, ఎనిమిది తెడ్ల పడవ, ఒక సీటు ఖాళీగానే ఉంటుంది. ఉతుకు గది వెనక కిటికీలోంచి ప్రతి ఆదివారం చూస్తాను. ఒకావిడ రొట్టెల దుకాణం నడుపుతుంది, ముందు కూర్చుంటుంది. ఒకావిడకి ఈలలు వెయ్యడం వచ్చు. అందరినీ టోపీలతో గుర్తుపడతాను. నా పేరు వాళ్ళకి తెలియదు. ఎనిమిదో మనిషిని నేనే కల్పించాను.

ఎలా మొదలైందో చెప్తాను, తిట్టకు. వచ్చిన మొదటి నెలలో "ఎవరైనా పలకరించారా?" అని రాశావు. లేదంటే నువ్వు నిద్రపోవు. అవునని రాశాను. తర్వాతి ఉత్తరంలో "ఎవరు?" అన్నావు. రొట్టెలావిడ అన్నాను. "ఏమంది?" అన్నావు. పడవ ఎక్కమంది అన్నాను. అలా ఉత్తరం ఉత్తరానికీ నేను పడవెక్కి కూర్చున్నాను. రెండేళ్ళయ్యేసరికి దిగడానికి దారి లేదు.

ఆ నలభై వాక్యాలూ అతిథుల గదుల్లో పెట్టే కార్డు మీదివి. చూసి రాశాను. అందులో ప్రశ్నలే ఉన్నాయి. ఎవరినీ ఎప్పుడూ అడగలేదు, జవాబు నాకెలా తెలుస్తుంది? ఈ భాషలో నాకు వచ్చిన మాటలు అయిదు: తడి, పొడి, మడత, మరక, త్వరగా. పనికి అవి చాలు. పని అయ్యాక ఎవరూ ఉండరు కాబట్టి వేరే మాటలు అక్కర్లేకపోయింది.

ఇప్పుడు నువ్వే చెప్పు. సంతకం పెట్టనులే. సెప్టెంబరులో వచ్చేస్తాను. నువ్వెందుకు అంత దూరం రావడం.

నీ అబద్ధాల చెల్లి


జూన్ 5

పిచ్చుకా,

టికెట్టు కొనేశాను. పద్దెనిమిదిన సాయంత్రం నాలుగున్నరకు దిగుతాను.

నువ్వు తెడ్డు వేస్తుంటే చూడ్డానికి కాదు నేను రావడం. నిన్ను చూడ్డానికి.

నోటుపుస్తకాలు ఎనిమిదీ తెస్తున్నాను. ఎవరికివ్వాలో అక్కడికి వచ్చాక చూద్దాం. నలభై వాక్యాలు వృథా చెయ్యడం నాకు చేతకాదు.

అక్క


జూలై 6

అక్కా,

నువ్వు క్షేమంగా చేరావని అన్నయ్య ఫోను చేశాడు. "అక్కని అడిగితే 'బాగా జరిగింది' అంది. పది రోజులకి రెండు మాటలు! ఏం జరిగిందే?" అని నన్ను చంపుకు తిన్నాడు. అందుకని ఇది వాడి కోసం రాస్తున్నాను. నువ్వే పైకి చదివి వినిపించు. మధ్యలో ఎగరగొట్టకు.

అన్నయ్యా, విను. వచ్చిన మూడో రోజు, ఆదివారం, అక్క చీర కుచ్చిళ్ళు సవరించుకుని తిన్నగా రేవుకి నడిచింది. నేను వెనకాల "వద్దక్కా, వద్దక్కా" అంటూ. పడవలాయన ముందు నిలబడి మొదటి వాక్యం చెప్పింది. ఆయన ఏదో చాలా పెద్ద జవాబు చెప్పాడు. అక్క అంతా విని, తల ఊపి, రెండో వాక్యం చెప్పింది. నాకు ఈత రాదు, లోతు తక్కువగా ఉన్న చోటు చూపించండి అని. ఆయన మా ఇద్దరికీ లైఫ్ జాకెట్లు తొడిగాడు. చీర మీద నారింజ రంగు జాకెట్టు! ఆ ఫోటో లేకపోవడం మన ఇంటికి నష్టం.

పడవ ఎక్కాం. ఇద్దరిలో ఎవరికీ తెడ్డు పట్టడం రాదు. నేను ఒక పక్క వేస్తున్నాను, అక్క ఇంకోపక్క నీళ్ళని నిమురుతోంది. పడవ ముందుకి పోదు, గిరగిరా తిరుగుతోంది. తిరుగుతూ తిరుగుతూ వెళ్ళి ఆ ఏడుగురి పడవకి అడ్డం పడ్డాం. వాళ్ళు గట్టిగా ఏదో అరుస్తున్నారు. అక్క తెడ్డు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఒక్క క్షణం దణ్ణం పెట్టుకుని, కళ్ళు తెరిచి, బడిలో పాఠం చదివినట్టు స్పష్టంగా అంది:

"దయచేసి నా గుర్రాన్ని ఆపండి."

ఏడు తెడ్లు గాల్లో ఆగిపోయాయి. అప్పుడు మొదలైంది నవ్వు. ఈలలావిడ వెనక్కి పడబోయింది. రొట్టెలావిడ కళ్ళు తుడుచుకుంటూ నా వైపు తిరిగి ఏదో అడిగింది. అక్క నన్నే చూస్తోంది. జవాబు నువ్వే చెప్పు అన్నట్టు. ఎవరో ఒకరు మాట్లాడాలి కదా. నా అయిదు మాటలతోనే మొదలెట్టాను. "గుర్రం లేదు! అక్క! తడి వద్దు! త్వరగా!" లేదు, వద్దు, అక్క అనే మాటలు ఎక్కణ్ణుంచి వచ్చాయో నాకు తెలియదు. రెండేళ్ళుగా మెట్ల మీదా, తలుపు చాటునా విన్నవి ఎక్కడో పడి ఉన్నట్టున్నాయి.

తాడు కట్టి ఒడ్డుకి లాక్కొచ్చారు. ఒడ్డున కూర్చోబెట్టి వేడివేడిగా తాగడానికి ఇచ్చారు. అక్క సంచీ తీసి నోటుపుస్తకాలు పంచింది. వాళ్ళు కుట్టు చూశారు, అట్ట చూశారు, వాసన కూడా చూశారు. నువ్వే చేశావా అని అడిగారు, అది నాకు అర్థమైంది! చేతిపనివాళ్ళని వాళ్ళు ఎలా చూస్తారో చూడాలి. ఏడుగురికీ ఏడు. ఎనిమిదోది మిగిలితే రొట్టెలావిడ తీసుకుని, నా ఛాతీకి ఆనించి, పడవలో ఖాళీ సీటు వైపు వేలు చూపించింది. ఆ సీటు సంగతి అక్క చెప్పలేదు వాళ్ళకి. ఒట్టు. చెప్పడానికి ఆ నలభైలో ఆ వాక్యం లేదు.

ఇప్పుడు అక్కకి ఒక ప్రశ్న. నిజం చెప్పు. కావాలనే అన్నావా?

నీ పిచ్చుక


జూలై 21

పిచ్చుకా,

చదివి వినిపించాను. తమ్ముడు డ్యూటీకి ఆలస్యంగా వెళ్ళాడు. బస్సులో కూడా నవ్వుతూనే ఉన్నాడట, ఎక్కినవాళ్ళు భయపడ్డారట.

నీ ప్రశ్నకు జవాబు. పడవ తిరుగుతోంది. ఎదురుగా పెద్ద పడవ వస్తోంది. ఆపమనే మాట ఉన్న వాక్యం నాకు అదొక్కటే వచ్చు. దేవుణ్ణి అడిగాను, ఆయనా అదే గుర్తుచేశాడు. గుర్రం లేదని నాకు తెలుసు.

సంతకం సంగతి నేనిక అడగను. అక్కడే ఉన్నా, ఇక్కడికి వచ్చినా, నీ కంచం నీకుంటుంది. ఎటు సంతోషమో అటు ఉండు. అబద్ధం రాశావని నాకు కోపం లేదు. నేను నిద్రపోవాలని రాశావు. ఇకమీద నిజం రాయి, నిద్ర సంగతి నేను చూసుకుంటాను.

మోకాలు నయం.

అక్క


సెప్టెంబరు 3

అక్కా,

సంతకం పెట్టేశాను! నిన్న పొద్దున్న.

తెడ్డుకి అరచేతులు బొబ్బలెక్కి, మళ్ళీ గట్టిపడ్డాయి. రొట్టెలావిడ పనయ్యాక వాళ్ళ దుకాణంలో నాకు మాటలు నేర్పుతోంది. బదులుగా మరకలు పోగొట్టడం నేను నేర్పుతున్నాను. పెద్దాయన కూడా దూది తీసి రెండు ముక్కలు మాట్లాడుతున్నాడు. ఇన్నాళ్ళూ నేనే మాట్లాడటం లేదని ఊరుకున్నాడట!

బోలెడు చెప్పాలి కానీ కింద పిలుస్తున్నారు. ఆలస్యమైతే ఈలలావిడ ఊరంతా వినపడేలా ఈల వేస్తుంది. వేస్తోంది కూడా. వెళ్తున్నా


నవంబరు 15

పిచ్చుకా,

సెప్టెంబరు తర్వాత నీ ఉత్తరం లేదు.

తమ్ముడు వారానికోసారి "పిచ్చుక రాసిందా?" అంటాడు. లేదంటాను. నిన్న కాస్త కంగారుపడ్డాడు.

"ఒంట్లో బాగాలేదేమో అక్కా, ఫోను చేద్దామా? పదకొండేసి పేజీలు రాసే పిల్ల."

"పదకొండేసి పేజీలు రాసినప్పుడు కంగారుపడాల్సింది మనం. అప్పుడు పడలేదు" అన్నాను.

వాడికి అర్థం కాలేదు. నీకవుతుంది.

ఇక్కడ బాగున్నాం. కాలేజీలో పరీక్షలు దగ్గరపడ్డాయి, చిరిగిన పుస్తకాలు చాలా వచ్చాయి. పొద్దున్న ప్రార్థనలో నీ కోసం అడగడానికి ఈమధ్య ఏమీ తోచడం లేదు. ఊరికే నీ పేరు చెప్పి వదిలేస్తున్నాను.

తీరిక దొరికితే రాయి. దొరక్కపోతే మరీ మంచిది.

అక్క